డ్రాయింగు మాస్టారి పనితనం
బంటుమిల్లి చుట్టుపక్కల బడుల్లో డ్రాయింగు పీరియడంటే ఆటవిడుపే అనుకుంటారు. కానీ ఆ పాఠం చెప్పే మాస్టారి పనితనం చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలు జరుపుతూ దూరాన ఉన్న తాటిచెట్టుని కొలిపిస్తారు. కుండ గియ్యాలంటే ముందు నడిమి గీత, తర్వాతే అంచులు. తప్పు గీత పడగానే రబ్బరు అందుకోనివ్వరు; దాన్ని చూస్తూనే పక్కన సరైనది గియ్యమంటారు. ఇది ఎంత పెద్ద చదువో! ఫొటోలు తియ్యడం నేర్పాలంటే అట్టముక్కకి చదరంగా కన్నం కోసి, అందులోంచి వరిచేను చూపిస్తారు. ఏది ఉంచాలో, ఏది వదలాలో ఫోను పట్టకముందే తేలాలి. బందరు జాతీయ కళాశాలలో చిత్రకారుడు అడివి బాపిరాజుగారికి గురువుగా ప్రమోద్ కుమార్ చటర్జీ దొరికినట్టు, ప్రతి బడికీ ఇలాంటి మాస్టారు ఒకరు దొరకాలి. అప్పుడు కాలవ నీళ్ళకి అలవాటుగా నీలం పూసే పిల్ల, గట్టు మీద కూచుని చూసి, మట్టిరంగు కలుపుకుంటుంది.