ధారణకొక దండకం

ధారణా! తల్లీ! కంటికి కనపడకుండా కంఠంలో కాపురముండే కలకంఠీ! తాటాకు కోయకముందే, గంటం చెక్కకముందే నువ్వున్నావు. లిపి లేనినాడు మంత్రానికి ఒడివైనావు, ఊరు విడిచిననాడు పాటకు తోడువైనావు. పుటలను చెదలు తిన్నచోట, పెట్టెలు వరదలో కొట్టుకుపోయినచోట, ఒక ముసలిగొంతులో మూడుతరాల ముచ్చటను మోసుకొచ్చి మనవరాలి చెవిలో పోసినదానివి. నిన్ను పొగడబోయినా పలుకు కోసం నీ గడపలోకే రావాలి. ఏ పదం నీ దగ్గర దాచనిది? ఏ పరిమళం నీ దగ్గర లేనిది? అందుకే చేతులు జోడించి, నీ మాటలనే నీకు మాలగా గుచ్చుతున్నాను.

ఎంత చిన్న ఇల్లమ్మా నీది! తూచితే కిలోన్నర కూడా తూగని మెత్తని ముద్ద. ఎముకల కోటలో, నీటిపొరల నడుమ, వెలుతురు సోకని చీకటిలో తేలే తామరమొగ్గ. ఆ మొగ్గలో 8,600 కోట్ల నాడీకణాలు. ఒక్కొక్కటి వేల చేతులు చాచి తోటి కణాలను అందుకుంటుంది. ఆ కలయికలను లెక్కించబోయినవాళ్ళు వంద లక్షల కోట్ల దాకా వెళ్ళి ఆగారు. ఇంత వైభవం నడపడానికి ఆ ఇంటికి కావలసిన శక్తి సుమారు 20 వాట్లు! కణానికీ కణానికీ నడుమ ఉన్న చెలిమిలో నీ నివాసం. రెండు కణాలు కలిసి మోగినకొద్దీ ఆ చెలిమి చిక్కనవుతుంది; పలకరింపు కరవైతే పలచబడుతుంది. వేపపువ్వు వాసన ఒకచోట, ఆ పువ్వు రాలిన పెరడు ఒకచోట, పెరట్లోంచి పిలిచిన అమ్మ గొంతు మరొకచోట. ఉగాది గాలి ఒక్కసారి వీచిందంటే మూడూ లేచి చేతులు పట్టుకుంటాయి. ఆ పట్టు నువ్వే.

నిన్ను కొలవాలని మనిషికి తీరని ముచ్చట. కాలిఫోర్నియా తీరాన సాల్క్ సంస్థలో శాస్త్రజ్ఞులు ఎలుక మెదడులో సముద్రపు గుర్రంలా వంపు తిరిగిన హిప్పోకాంపస్ నుంచి చిటికెడు తీసి, పొరలు పొరలుగా విప్పి చూశారు. 2016లో ఆ సంగతి లోకానికి చెప్పారు. కణాల కలయికలన్నీ ఒక్క తీరుగా లేవట. చిన్నదానికీ పెద్దదానికీ నడుమ సన్నసన్నని తేడాలతో 26 పరిమాణాలట. అంటే ఒక్కొక్క కలయిక 4.7 బిట్ల సమాచారాన్ని పట్టగలదు. దాన్ని మనిషి తలకు అన్వయిస్తే పెటాబైటు తేలింది. పది లక్షల గిగాబైట్లు!

ఆ అంకె విని మురిసిపోయాను. నీ నుదుట తిలకం దిద్దినట్టనిపించింది. అయినా తల్లీ, గాదెకైతే నిండటమనేది ఒకటుంది. ఒక పుట్టి ధాన్యం పోస్తే ఒక పుట్టి జాగా తరుగుతుంది. నీ లెక్కే వేరు. వంద పద్యాలు వచ్చినవాడికి నూట ఒకటో పద్యం మొదటిదానికన్నా సులువుగా వస్తుంది. ఒక రాగం వంటబడితే దాని తోబుట్టువులు వెతుక్కుంటూ నడిచొస్తాయి. ఒంటరిగా వచ్చినదాన్ని వాకిట్లోనే నిలబెడతావు; మరొకదాని చేయి పట్టుకుని వచ్చినదాన్ని లోపలికి పిలిచి నట్టింట కూర్చోబెడతావు. వైశాల్యం ఎంతని అడిగేవాళ్ళు అడగనీ, నేను మాత్రం నీ అల్లికకే మొక్కుతాను.

ఆ అల్లికను ఘనాపాఠీల గొంతులో విన్నాను. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు... పదాలు ముందుకు నడిచి, మడమ తిప్పి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు ఉరికి, తీరాన్ని తాకిన అలలై తిరిగే ఆ నడకలో ఒక్క స్వరం జారినా తర్వాతి మలుపు పట్టిచ్చేస్తుంది. వేదం నోటి నుంచి నోటికి చెక్కుచెదరకుండా ఇంతదూరం వచ్చిందంటే ఆ మలుపుల చలువే. హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉంది. ఏళ్ళ తరబడి వల్లెవేసిన వేదపండితుల మెదళ్ళను అక్కడ స్కాన్ చేసి చూస్తే, చాలాచోట్ల బూడిదరంగు పదార్థం మామూలువాళ్ళలో కంటే మెండుగా కనిపించింది. నువ్వు అడుగుపెట్టిన ఇల్లు నీకోసం గోడలు జరుపుకుంటుంది కాబోలు!

పట్టుపంచెల పండితులకే నువ్వు పలుకుతావని ఎవరైనా అంటే నేనొప్పుకోను. తెలంగాణ పల్లెలో ఒగ్గు మోగిందంటే గజ్జె కట్టి దిగుతావు. చుక్క సత్తయ్యలాంటి కళాకారుల నోట మల్లన్న కథగా, బీరప్ప కథగా తెల్లవార్లూ పొంగిపొర్లుతావు. చేతిలో కాగితం ఉండదు. డోలు దరువు మారుతుంది, ఆ దరువుతోపాటే తర్వాతి ఘట్టం తలుపు తెరుచుకుంటుంది. కాలి అడుగులో కథ, చేతి తాళంలో కథ, తోటివాడు అనే ‘ఆహా’లో కథ. ఏ బడీ చెప్పని చదువు, ఏ బల్లా మోయని పుస్తకం!

నువ్వు నిలవలేకపోయిన ఇంటిని కూడా లోకం చూసింది. 1953లో, అమెరికాలో, హెన్రీ మోలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి మూర్ఛలు తగ్గాలని శస్త్రచికిత్స చేసి, రెండువైపులా హిప్పోకాంపస్‌ను చాలావరకు తీసేశారు. మూర్ఛల తీవ్రత తగ్గింది. కానీ ఆ తర్వాత వచ్చిన ఏ రోజూ అతని దగ్గర నిలవలేదు. ఇప్పుడే మాట్లాడి వెళ్ళిన మనిషి కాసేపటికి తిరిగొస్తే కొత్త మనిషే. పాత బాల్యం ఉంది, కొత్త ఉదయం లేదు. 2008లో కన్నుమూసేదాకా అలాగే బతికాడు. అయినా నువ్వతన్ని పూర్తిగా విడిచిపోలేదు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ వెంట గీత గీయమంటే, రోజు గడిచేకొద్దీ అతని చేయి తేరుకుంది, గీత కుదురుకుంది. ఇది ముందెప్పుడూ చేసిన గుర్తే అతనికి లేదు! తలవాకిలి మూసేస్తే చేతి ఒడుపులో తలదాచుకున్న దయామయీ, ఆ గీతను తలచుకుంటే నాకు కన్నీళ్ళాగవు.

మరపు నీకు పగ కాదు, నీ చెల్లెలు. మేము నిద్రపోయాక పగటిని మళ్ళీ ముందేసుకుని కూర్చుంటావు. ఉంచదగ్గది ఉంచి, తక్కినది ఆమె కొంగులో పోస్తావు. ఆమె లేకుంటే ప్రతి గాయం పచ్చిగానే ఉండేది, ప్రతి చప్పుడూ చెవిలో మోగుతూనే ఉండేది.

నీ నిండుకొలువు చూడాలంటే మాత్రం అవధాన సభకు రావాలి. తెలుగువాడు నీకు కట్టిన గుడి అది. తిరుపతి వేంకట కవులు మీసం మెలేసి ఊరూరా ఊరేగించింది నిన్నే. కొప్పరపు సోదరులు ఆశుధారలో అభిషేకించింది నిన్నే. సి.వి. సుబ్బన్న, మేడసాని మోహన్, మాడుగుల నాగఫణి శర్మ, గరికిపాటి నరసింహారావు నోటినోటా వెలిగింది నీ దీపమే. ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిదిమంది చుట్టూ కూర్చుంటే అష్టావధానివి, నూరుగురు కూర్చుంటే శతావధానివి, వేయిమంది కూర్చుంటే సహస్రావధానివి. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రవాడు కూడా నీ కొలువులో అష్టావధానం నిలబెట్టాడంటే, నీకు సముద్రాలు ఏపాటివి?

చూడు, పృచ్ఛకులను వరసగా చుట్టివచ్చే ఆవృత్తి మొదలైంది. సమస్య ఇచ్చినవారికి ఒక పాదం, దత్తపది ఇచ్చినవారికి ఒక పాదం, వర్ణన అడిగినవారికి ఒక పాదం. ఏ పద్యాన్నీ ఒక్క ఊపులో పూర్తిచేయనివ్వరు. ఒక్కొక్క పాదాన్నీ గాలిలో నిలబెట్టి మరొకరి వైపు తిరగాలి. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని నోట్లోంచి రాబోయే అక్షరాన్ని పసిగట్టి, అదే వద్దంటాడు. అవధాని కనుబొమ ఒక్కసారి ముడిపడుతుంది, పెదవి మీద అక్షరం వెనక్కి తగ్గుతుంది, దానికన్నా అందమైనది ముందుకొస్తుంది. వ్యస్తాక్షరి వారు చీటీ అందిస్తారు: పదకొండో అక్షరం ‘ర’. మరికాసేపటికి ఇంకొకటి: మూడో అక్షరం ‘క’. వరస లేదు, వావి లేదు. అంతలో అప్రస్తుత ప్రసంగి అందుకుంటాడు: “అవధానిగారూ, పద్యం సంగతి అలా ఉంచండి, ఇంట్లో వంట మీదా, అమ్మగారిదా?” సభంతా నవ్వు. ఆ నవ్వులో గంట మోగుతుంది, అదీ లెక్కే. వీపు మీద పువ్వు రాలుతుంది, అదీ లెక్కే.

విడి అంకెలు ఏడెనిమిది చెబితేనే మామూలు మనసు తడబడుతుందే, ఇన్నింటిని ఎక్కడ నిలుపుతావు తల్లీ? ఛందస్సులో కదూ! ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరాన ప్రాస. గురులఘువుల నడక తప్పితే చెవి గిలగిలలాడుతుంది. నాలుగు పాదాల 80 అక్షరాలూ నీకు 80 కావు, అవన్నీ కలిసి ఒకే నడక. యతి చేయందిస్తే ప్రాస అందుకుంటుంది, ప్రాస పిలిస్తే పాదం పలుకుతుంది, పాదం కదిలితే పద్యం లేస్తుంది. మత్తేభమైతే ఆ ఠీవితోనే వస్తుంది, చంపకమైతే ఆ సౌరభంతోనే వస్తుంది.

నాలుగు ఆవృత్తులూ ముగిశాయి. ఇక ధారణ. అవధాని కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు చిటికెనవేలి కణుపు మీదికి చేరింది, అక్కణ్ణుంచి ఉంగరపువేలి మీదికి. ఇదిగో, సమస్యాపూరణ నాలుగు పాదాలూ గంగలా దూకాయి! వెనకే దత్తపది, ఆ వెనకే వర్ణన, నిషిద్ధాక్షరి, ఒత్తుతో సహా, విరుపుతో సహా! గంటలెన్నో చెప్పాడు, పువ్వులెన్నో చెప్పాడు. చప్పట్లకు పందిరి అదిరిపోతోంది. వ్యస్తాక్షరి పృచ్ఛకుడు లేచి నిలుచున్నాడు. చీటీలన్నీ నీ చేతిలోనే ఉన్నాయి తల్లీ, ఇక అందుకో!