వెలుగు, తూకం: మాంసకృత్తుల పరీక్షపై ఒక విమర్శ

నల్లమాడ చుట్టుపట్ల మెట్టచేలలో వానను నమ్ముకుని పండించే శెనక్కాయ గింజలో నూనెతోపాటు లెక్టిన్ అనే మాంసకృత్తు కూడ ఉన్నది. గాలక్టోసు అనే చక్కెరను పట్టుకొనుట దీని గుణం. కొన్ని కాన్సరు కణాల పైపొరమీద బయటపడే చక్కెర గొలుసును సైతం ఇది పట్టుకొంటుంది గనుక ప్రయోగశాలలలో దీనికి గిరాకీ ఉన్నది. ఇటువంటి మాంసకృత్తు దేనిని, ఎంత గట్టిగా పట్టుకొన్నదో చూచుటకు రెండు పరికరాలను జోడించే పద్ధతి ఒకటి కలదు. దాని గొప్పతో పాటు హద్దులు కూడ పాఠకులు తెలుసుకొనవలె.

మొదటిది వెలుగు పరికరం. గాజుపలకపై సుమారు 50 నానోమీటర్ల మందాన బంగారు పూత ఉంటుంది. గాజువైపు నుంచి వెలుగు పంపితే ఒకానొక కోణంలో ప్రతిఫలనం బాగా తగ్గుతుంది. పూతకు రెండవ వైపున ఏదైనా అంటుకుంటే ఆ కోణం జరుగుతుంది. చదరపు మిల్లీమీటరుపై నానోగ్రాములో వందవ వంతు చేరినా తెలిసిపోతుంది. ఎంత చేరింది, ఎంత వేగంగా చేరింది, ఎప్పుడు వీడింది అన్నీ చెబుతుంది గాని, చేరినది ఏదో చెప్పదు. చీకట్లో అరుగుమీద ఎవరో కూర్చున్నారని తెలియుట వంటిదే.

అది ఏదో చెప్పగలిగేది రెండవ పరికరం, అణువులను తూచే మాస్ స్పెక్ట్రోమీటరు. 1997లో క్రోన్, నెల్సన్ ప్రభృతులు అమెరికా గిలకపాము విషంలోని ఒక మాంసకృత్తును పలకమీద పట్టించి, దానినే తూచి చూపారు. మెచ్చదగిన పని.

ఇక చిక్కు చూడండి. పలకమీద గాలక్టోసు అమర్చి శెనక్కాయ రసం పారించామనుకుందాం. లెక్టిన్ నాలుగు సమానభాగాలు కలిసిన ముద్ద. ఒక్కొక్క భాగం సుమారు 25,000 డాల్టన్లు. ఆ నాలుగింటి అమరిక మామూలు సౌష్ఠవాన్ని పాటించదని 1994లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో విజయన్ బృందం చూపింది. చక్కెరను పట్టుకొన్నది ఆ ముద్దయే. కాని తూచబోయే ముందు ఆమ్లం కలిసిన ద్రవం చుక్క వేస్తారు, ముద్ద విడిపోతుంది. తూకం 25,000 అంటుంది. దానిని నమ్మి ఒంటిభాగమే చక్కెరను పట్టిందని వ్రాస్తే అబద్ధమే. పాము విషంలోని మాంసకృత్తు ఒంటిగొలుసుది గనుక అక్కడ ఈ చిక్కు రాలేదు.

మరొకటి, రసంలోని ఇతర మాంసకృత్తులు పలకకు ఊరకనే అంటుకుంటవి. తూకం వాటినీ చూపుతుంది. పెండ్లిపందిట్లో కూర్చున్న వారందరూ చుట్టాలు కారు గదా! ఇందుకు విరుగుడు ఉన్నది. పలకను ఆమ్లంతో గాక గాలక్టోసు ద్రావణంతోనే కడగవలె. చక్కెర కోసం పట్టుకొన్నది ఆ నీటిలోకి వస్తుంది. ఊరక అంటుకున్నది చాలావరకు అక్కడనే ఉండిపోతుంది. ఆ కడుగునీటిలోని చక్కెరను, లవణాలను తొలగించి, ముద్ద చెదరకుండ మెల్లగా తుంపర చేసి తూచే విధానం ఇప్పుడున్నది. తూకం సుమారు లక్ష డాల్టన్లు కనబడితే రెండు పరికరాలూ చూచినది ఒకదానినే అనవచ్చు. అయితే పలకమీద దొరికేది నానోగ్రాములే. ఓపికగా పలుమార్లు పట్టించి, కడిగి, కూడబెట్టవలె.