అసలు బండి ఏది? పాత వాహనాల పునరుద్ధరణ – పాఠపరిష్కరణ దృష్టి

సారాంశం:
పాత మోటారుసైకిళ్లను, కార్లను భద్రపరిచే విషయంలో ‘అసలు రూపం’ అన్నదే నేడు ప్రధాన ప్రమాణంగా చలామణి అవుతోంది. 2021లో కేంద్రప్రభుత్వం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలకు కూడా ఇదే ఆధారం. ఈ ప్రమాణం తక్కువగా తిరిగిన బండికి గౌరవమిచ్చి, మరమ్మతులతో బతికిన బండిని చరిత్రకు వెలుపల నిలబెడుతోందని ఈ వ్యాసం వాదిస్తుంది. తెలుగు పాఠపరిష్కరణలోని మూలపాఠం, పాఠాంతరం, ప్రక్షిప్తం అనే భావనలనూ, లాలాగూడ రైల్వే కార్ఖానా పని పద్ధతినీ ఆధారం చేసుకొని మరొక ప్రమాణాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పునరుద్ధరణ, ఆల్టరేషన్, పాఠాంతరం, ప్రక్షిప్తం, బుల్లెట్, లాలాగూడ, వాహన వారసత్వం.

1. ఉపోద్ఘాతం:

మెట్టుగూడ నుంచి తార్నాక వైపు వచ్చే దారికి ఆనుకొని ఉన్న లాలాగూడ సందుల్లో చిన్న చిన్న మెకానిక్ షెడ్లు కనిపిస్తాయి. విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వచ్చిపోయే దారిలో అటువంటి ఒక షెడ్డు ముందు రెండు పాత బుల్లెట్లు విప్పి ఉండటం ఈ వ్యాసకర్త గమనించడం జరిగింది. ఒక బండి యజమాని దానిని కొన్ననాటి రూపానికి తేవాలని కోరుకున్నాడు. రెండో బండి యజమాని ట్యాంకు, సీటు, హ్యాండిల్ మార్పించి తన అభిరుచికి తగిన కొత్త రూపాన్ని కోరుకున్నాడు. రెండింటి మీదా పనిచేస్తున్నది ఒకే మెకానిక్. వాడుతున్న పానాలు కూడా అవే. అయినా మొదటి పనిని పునరుద్ధరణ అంటున్నాం, రెండోదాన్ని ఆల్టరేషన్ అంటున్నాం. మొదటిది ప్రదర్శనకు వెళ్తుంది. రెండోది రోడ్డెక్కితే చలానా పడవచ్చు.

తరచి చూస్తే ఆ మొదటి బండి కూడా పూర్తిగా ‘అసలు’ది కాదు. దాని సిలిండరుకు బోరు కొట్టించారు. పిస్టను, రింగులు కొత్తవి. రంగు కొత్తది. వైరింగు అంతా మార్చారు. మరి ఈ రెండు పనుల మధ్య గీత ఎక్కడుంది? దాన్ని ఎవరు గీశారు? ఈ ప్రశ్న తెలుగు శాఖకు సంబంధించినదేనా అన్న సందేహం కలగవచ్చు. చేతులు మారుతూ, మార్పులకు లోనవుతూ వచ్చిన ఒక వస్తువులో ‘అసలు’ ఏది అని నిర్ణయించే శాస్త్రం మన శాఖలో చాలాకాలంగా ఉంది. అదే పాఠపరిష్కరణ. కాబట్టి ఈ ప్రశ్నకు సమాధానం వెతికే పరికరాలు మన దగ్గర ఉన్నాయనే నమ్మకంతో ఈ పరిశీలనకు పూనుకోవడమైనది.

2. చట్టం దృష్టిలో అసలు రూపం:

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేలా యజమాని తన వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. వికలాంగుల అవసరానికి తగినట్లు మార్చిన వాహనాలను చట్టం ప్రత్యేకంగా గుర్తించింది. ఇది గమనించదగిన మినహాయింపు.

2021 జులైలో వెలువడిన వింటేజ్ నిబంధనలు దీనికి మరో పార్శ్వం. యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు అసలు రూపంలో ఉండి, చాసిస్‌లోగాని బాడీలోగాని ఇంజనులోగాని గణనీయమైన మార్పు జరగకుండా ఉంటే, వాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. గడువు పదేళ్లు. అయితే అలాంటి బండిని నిత్యావసరాలకు గాని వ్యాపారానికి గాని నడపరాదు.

ఈ రెండింటినీ కలిపి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. మార్పు జరగని బండికి, అదీ రోజూ తిరగనని ఒప్పుకొన్న బండికి వారసత్వ హోదా దక్కుతుంది. అంటే వాడుక ఆగిన చోటే చరిత్ర మొదలవుతుందని చట్టం భావిస్తోంది. రోడ్డు భద్రత కోణంలో ఈ నిబంధనలకు ఉన్న హేతువును కాదనలేం. కాని భద్రతకు సంబంధించిన ప్రమాణాన్నే చరిత్రకు కూడా ప్రమాణంగా తీసుకోవడం వల్ల కలిగే నష్టం వేరు.

3. మిగిలినవి, మిగలనివి:

ఆ నష్టం హైదరాబాదులోనే కళ్లకు కడుతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ప్రదర్శనలో ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దీన్ని తెప్పించుకోదలచాడు. 1911లో ఆయన మరణించాకే అది నగరానికి చేరింది. ఊరేగింపులకు, వేడుకలకు తప్ప నిత్యం తిరగని కారు కాబట్టి అది అసలు రూపానికి దగ్గరగా నిలిచింది. దాన్ని కాపాడింది దాని విలువ ఒక్కటే కాదు, దాన్ని వాడకుండా ఉంచగలిగిన సంపద కూడా.

అదే నగరంలో 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆ కాలపు అల్బియన్ బస్సు ఒకటి జ్ఞాపకంగా మిగిలింది. దానితోపాటు తిరిగిన మిగతా బస్సులు అరిగి, విడిభాగాలుగా మారి, తుక్కులో కలిశాయి. 1942లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ పేరు మీద వచ్చిన పుష్పక్ స్కూటర్ల సంగతీ అంతే. మధ్యతరగతి ఉద్యోగిని ఆఫీసుకు, పిల్లలను బడికి, గ్యాస్ బండను ఇంటికి చేర్చిన ఆ స్కూటరు ఇప్పుడు రోడ్డు మీద కనిపించడమే అరుదు. ఎక్కువగా పనిచేసిన వాహనమే ఎక్కువగా మారింది. ఎక్కువగా మారినదే చరిత్రకు తక్కువగా మిగిలింది. కనుక ‘అసలు రూపం’ తటస్థమైన ప్రమాణం కాదు. అది శ్రమ చేయని వస్తువు పట్ల పక్షపాతం చూపుతుంది.

4. బుల్లెట్ – మూలాన్ని మించి బతికిన అనువాదం:

‘అసలు’ అనే భావన ఎంత నిలకడ లేనిదో బుల్లెట్ చరిత్రే చెబుతుంది. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన ఈ మోటారుసైకిలును మన దేశంలో తయారు చేయడానికి మద్రాస్ మోటార్స్, రెడ్డిచ్ సంస్థ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేశాయి. మొదట దిగుమతి చేసిన భాగాలను ఇక్కడ బిగించేవారు. తరువాత తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో పూర్తి తయారీ సాగింది. 1970ల ఆరంభానికల్లా ఇంగ్లండులోని మూలసంస్థ మూతపడింది. 1977లో మద్రాసు బుల్లెట్ ఇంగ్లండుకు ఎగుమతి కావడం మొదలైంది.

సాహిత్య పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ మూలం అంతరించి అనువాదం నిలిచింది. ఆ అనువాదమే తిరిగి మూలం పుట్టిన దేశానికి మూలంగా వెళ్లింది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉన్న పాత ఇనుప ఇంజను బుల్లెట్‌ను ఇవాళ అభిమానులు ‘ఒరిజినల్’ అంటున్నారు. రెడ్డిచ్ దృష్టిలో అది ఒక ప్రతి మాత్రమే. నన్నయ వ్యాసభారతాన్ని ఉన్నదున్నట్లు దించలేదు. కొన్నిటిని విడిచి, కొన్నిటిని కుదించి, కొన్నిటిని పెంచి తెలుగు కావ్యంగా నిలిపాడు. దాన్ని వికృతరూపమని ఎవరూ అనరు. అది మనకు ఆదికావ్యం. మార్పు మూలానికి ద్రోహమన్న మాట ప్రతిచోటా చెల్లదనడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కర్లేదు.

5. పాఠపరిష్కరణ నేర్పే పాఠం:

పాఠపరిష్కర్త పని పైకి చూడటానికి ‘అసలు’ కోసం వెతుకులాటే. సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితులను నియమించి, పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో పూనుకొన్న సంస్కృత మహాభారత సంశోధిత ముద్రణ 1966కు గాని పూర్తికాలేదు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయమే ఆంధ్రమహాభారతానికి సంశోధిత ముద్రణను తెచ్చింది. వీటిలో స్వీకృత పాఠం పైన ఉంటుంది. అయితే పరిష్కర్త విడిచిన పాఠాలను చించి పారవేయడు. వాటిని ఏ ప్రతిలో ఉన్నాయో చెబుతూ అధస్సూచికలో నమోదు చేస్తాడు. ప్రక్షిప్తమని తేల్చినదానిని కూడా అనుబంధంలో చూపుతాడు. ఒక ప్రాంతంలో, ఒక కాలంలో ఆ కావ్యాన్ని ఎలా చదివారో, ఎలా పాడారో చెప్పే సాక్ష్యం ఆ పాఠాంతరాల్లోనే ఉంటుందని అతనికి తెలుసు.

పాత వాహనాల పునరుద్ధరణలో లోపించినది సరిగ్గా ఈ అధస్సూచికే. కాంటాక్ట్ పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం ఒక పాఠాంతరం. ఒరిజినల్ భాగం దొరకని రోజుల్లో లేతు మీద తిప్పించిన బుష్ మరొక పాఠాంతరం. మోపెడ్ వెనుక ఇనుప చట్రం బిగించి ప్లాస్టిక్ బిందెలు అమ్ముకున్న మనిషి చేర్చినది ఒక ప్రక్షిప్తం. కాని ఆ ప్రక్షిప్తంలో ఒక కుటుంబం బతుకుతెరువు ఉంది. పునరుద్ధరణ పేరుతో ఈ పొరలన్నిటినీ గీకేసి ఫ్యాక్టరీ రంగు వేసినప్పుడు, ఆ బండి గడిచిన నలభై ఏళ్ల జీవితాన్ని మనం చెరిపేస్తున్నాం. ఏ పరిష్కర్తా పాఠాంతరాలను ఇలా తుడిచివేయడు.

6. లాలాగూడ పద్ధతి:

ఈ సమస్యకు పుస్తకాల్లోనే కాదు, మన పొరుగునా ఒక సమాధానం ఉంది. లాలాగూడ క్యారేజీ కార్ఖానా నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కాలంలో, 1893లో ఏర్పడింది. రైలుపెట్టెలను నిర్ణీత కాలానికొకసారి విప్పి, అరిగిన భాగాలు మార్చి, రంగులు వేసి తిరిగి పంపడం అక్కడి ప్రధానమైన పని. దీన్ని పీవోహెచ్ అంటారు. పెట్టె నంబరు మారదు. లోపలి భాగాలు ఎన్నో మారతాయి. ఆ పని ఏ కార్ఖానాలో జరిగిందో, ఏ తేదీన జరిగిందో, మళ్లీ ఎప్పుడు తిరిగి రావాలో పెట్టె చివరి గోడమీద రాస్తారు. మార్పును దాచరు. అది వస్తువు ఒంటిమీదే నమోదై ఉంటుంది.

మన కావ్యాల ఆశ్వాసాంత గద్య కూడా ఇలాంటిదే. కవి ఎవరో, ఎవరి కుమారుడో, ఇది ఎన్నో ఆశ్వాసమో అది చెబుతుంది. ప్రతి చివర లేఖకుడు తన పేరు, రాత ముగించిన తిథి రాసుకునే అలవాటు కూడా మన తాళపత్రాల్లో ఉంది. రైల్వే కార్మికుడికి, తాళపత్ర లేఖకుడికి ఉన్న ఈ సౌకర్యం షెడ్డు మెకానిక్‌కు లేదు. ఒక పాత బుల్లెట్ ఆర్.సి.లో యజమానుల పేర్లు వరుసగా ఉంటాయి. దాన్ని నడిచేలా నిలబెట్టిన చేతుల పేరు ఒక్కటీ ఉండదు.

7. రెండు ఆక్షేపణలు:

మొదటిది: అన్ని మార్పులనూ చరిత్రగా గుర్తిస్తే, చెవులు చిల్లులు పడేలా సైలెన్సర్ మార్పించినవాణ్నీ గౌరవించాలా? అటువంటి సైలెన్సర్లను పోలీసులు రోడ్డురోలరుతో తొక్కించిన దృశ్యాలు మనకు పరిచితమే. నమోదు చేయడం వేరు, ఆమోదించడం వేరు. పరిష్కర్త అపపాఠాన్ని కూడా అధస్సూచికలో చూపుతాడు, కాని దాన్ని కావ్యంలోకి ఎక్కించడు. ఇతరుల ప్రాణానికి, నిద్రకు హాని చేసే మార్పును చట్టం అడ్డుకోవలసిందే.

రెండోది: సరదాకు చేసే మార్పుకు, అవసరానికి చేసే మార్పుకు తేడా లేదా? ఉంది. బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో కె. సుధాకర్ వంకాయ, బూటు, కెమెరా వంటి ఆకారాల్లో తయారు చేసిన కార్లున్నాయి. 2005 జులై 1న ఆయన నడిపిన 41 అడుగుల 7 అంగుళాల మూడుచక్రాల సైకిలు గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. ఇవి మన చిత్రకవిత్వం వంటివి. చక్రబంధం, నాగబంధం రాసిన కవి నైపుణ్యాన్ని మెచ్చుకుంటాం, దానితో కథ నడపమని అడగం. స్కూటరుకు పక్కచక్రాలు బిగించిన మెకానిక్ పని అలాంటిది కాదు. నడవలేని మనిషిని అది ఉద్యోగానికి చేర్చింది. ఒక రకం మార్పుకు మ్యూజియం ఉంది. రెండో రకం మార్పుకు ఇంకా చోటు దొరకలేదు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి: ‘అసలు రూపం’ అనే ప్రమాణం వాడుకకు, శ్రమకు వ్యతిరేకంగా పనిచేస్తోంది. బుల్లెట్ వంటి వాహనాల్లో ‘అసలు’ అనేదే ఒక అనువాదం. మార్పును తుడిచివేయకుండా నమోదు చేసే పద్ధతి మన సంశోధిత ముద్రణల్లోనూ, లాలాగూడ కార్ఖానాలోనూ ముందునుంచే ఉంది.

కాబట్టి పాత వాహనాన్ని బాగుచేయించేవారు, ఏ భాగం ఎప్పుడు మారింది, ఎందుకు మారింది, ఎవరు మార్చారు అనే వివరాలతో ఒక చిన్న పుస్తకాన్ని బండితోపాటు భద్రపరచడం అవసరం. తీసేసిన పాత భాగాన్ని తుక్కువాడికి వేయకముందు కనీసం ఒక ఫొటో తీయాలి. మన విద్యార్థులు కూడా ఈ పనికి పూనుకోవచ్చు. తాళపత్రాల కోసం ఊళ్లు తిరిగిన పరిశోధక సంప్రదాయం మనది. లాలాగూడలో బోరు కొట్టడం, టింకరింగ్, లేతు పని తెలిసిన వృద్ధ మేస్త్రీల జ్ఞాపకాలు కూడా అలాంటి తాళపత్రాలే. అవి ఏ గ్రంథాలయానికీ చేరలేదు, చాలాకాలం నిలవవు కూడా. ప్రాంగణం గేటు దాటి కొద్ది దూరం నడిస్తే ఆ షెడ్లు వస్తాయి. ఆ మేస్త్రీలు ఉండగానే వారి మాటలను నమోదు చేయవలసిన బాధ్యత మన శాఖల మీద ఉంది.