దిద్దిన జవాబుపత్రము

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, ఉన్నతవిద్యయందు ఒకే యొక్క సంస్కరణమును సూచింపవలసి వచ్చినచో అది పరీక్షలయందే జరుగవలెనని తన నివేదికలో నిస్సంకోచముగా వ్రాసినది. అది వెలువడి డెబ్బదియైదేండ్లు దాటినను వికారాబాదు, తాండూరుల వంటి పట్టణములలోని డిగ్రీ తరగతులను నేటికిని నడిపించునది పరీక్షయే. ఆ పరీక్షను నడిపించునది బజారులో దొరకు గైడు.

యాలాల, బషీరాబాదు, పెద్దేముల్ గ్రామములనుండి బస్సెక్కి వచ్చు విద్యార్థులను చూచినప్పుడెల్ల ఈ సంగతి నన్ను బాధించుచుండును. వీరిలో పలువురు నాపరాతి గనుల నడుమను, కంది చేల గట్లమీదను పెరిగినవారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నేలలోని అట్టాపుల్గైటు బంకమన్నును, అడుగున పరచుకొనియున్న సున్నపురాతి నిక్షేపములును ఆ పప్పు విశిష్టతకు కారణములని చెప్పుదురు. ఇంతటి రసాయనశాస్త్రము కాళ్లక్రిందనే యుండగా, "కాల్షియం కార్బొనేటు ధర్మములను వ్రాయుము" అని అడిగి, కంఠస్థము చేసిన అయిదు వాక్యములకు అయిదు మార్కులు వేసి ఊరకొనుట విద్యార్థికిని విద్యకును అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

ఉస్మానియా పరిధిలోని డిగ్రీ కళాశాలలలో 2016 నుండి సెమిస్టరు పద్ధతియు, విద్యార్థి కోరుకొను క్రెడిట్ల విధానమును ప్రవేశించినవి. సెమిస్టరు చివరి జవాబుపత్రము దూరమున ఎవరో దిద్దుదురు. అందలి తప్పేమో విద్యార్థికి తెలిసెడి అవకాశము మిక్కిలి తక్కువ. ఇంటర్నల్ పరీక్ష అట్లు కాదు. ప్రశ్నయు మనదే, దిద్దుటయు మనదే. అందుచేత నేనిట్లు అడుగుచుందును: నాపరాతి పాలిషింగు యంత్రముల క్రిందినుండి పారు తెల్లని బురద చేనిలోనికి చేరినచో ఆ నేల యేమగును, ఎందుచేత?

యాలాల వైపునుండి వచ్చు ఒక విద్యార్థిని, నేల చెడునని మాత్రము వ్రాసినది. మార్కు వేయక, "ఎట్లు చెడును? చూచినదేమి?" అని అంచున వ్రాసి తిరిగి యిచ్చితిని.

"సార్, మార్కులెయ్యలేదేంది?"

"నీవు చూసినది రాయలేదు బిడ్డా."

"మా పెదనాయన చేన్ల చూసిన సార్. నీళ్లు ఇంకక నిలుస్తయ్, ఎండినంక పెచ్చుకడ్తది."

"అదే రాయి."

రెండవమారు వ్రాసిన జవాబులో, సన్నని రాతిపొడి మట్టి రంధ్రములను పూడ్చుననియు, కార్బొనేటు వలన క్షారగుణము పెరుగవచ్చుననియు ఆమెయే తేల్చినది. నేను చెప్పిన పాఠముకంటె, తిరిగి వ్రాయించిన ఆ కాగితమే ఆమెకు ఎక్కువ నేర్పినది.

రూత్ బట్లర్ అను పరిశోధకురాలు బడిపిల్లలపై జరిపి 1988లో ప్రకటించిన పరిశోధనలో, వ్యాఖ్యను మాత్రమే పొందినవారు ముందుకు సాగిరి. వ్యాఖ్యతోబాటు మార్కునుగూడ పొందినవారికి ఆ లాభము కలుగలేదు. డిగ్రీ తరగతిలోను నాకు కనబడుచున్నదిదియే. అంకె కంటబడిన క్షణమున విద్యార్థి చదువుట మాని పక్కవాని కాగితము వంక చూచును. కావున మార్కును చివరకే వేయుదును.

అరువదిమంది తరగతిలో ఇది సాధ్యమా అని మిత్రులడుగుదురు. ప్రతి ప్రశ్నకు సాధ్యము కాదు. సెమిస్టరుకొక ప్రశ్నకు తప్పక సాధ్యము. ఖాళీలు పూరించుట వంటి ప్రశ్నలలో కొన్నింటిని తగ్గించినచో ఆ కాలము దొరకును. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో జిజ్ఞాస పేర సాగు విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులు ఈ దారినే నడచుచున్నవి. కాని అవి కొందరికే అందునవి, ఇంటర్నల్ ప్రశ్నపత్రమో అందరికిని అందునది. వికారాబాదు, తాండూరులు ఒకే రైలుమార్గముమీదివి గదా. ఈ రెండు ఊళ్ల అధ్యాపకులము సెమిస్టరు ఆరంభముననే కూర్చుండి, గనిమీద, కందిమీద, అనంతగిరిలో పుట్టు మూసీమీద తలా యొక ప్రశ్న వ్రాసి, దిద్దిన పత్రములను పరస్పరము చూచుకొనుటకు ఏ ఉత్తర్వును అవసరము లేదు. రసాయనశాస్త్రమువరకు మొదటి ప్రశ్నలు నాయొద్ద సిద్ధముగానున్నవి.