రాకకు ముందరి కాలం: రెండు నవలల్లో దత్తత, నిరీక్షణ

ఆన్ టైలర్ 2006లో ప్రచురించిన ‘డిగ్గింగ్ టు అమెరికా’ నవల బాల్టిమోర్ విమానాశ్రయంలో మొదలవుతుంది. 1997 ఆగస్టులో ఒక సాయంత్రం కొరియా నుంచి ఇద్దరు ఆడశిశువులు దత్తతకు వస్తారు. ఒక పాప కోసం డొనాల్డ్‌సన్ కుటుంబం బంధువుల బలగంతో, కానుకలతో, వీడియో కెమెరాలతో సందడిగా నిలబడి ఉంటుంది. మరో పాప కోసం ఇరానీ మూలాలున్న యజ్దాన్ దంపతులు, నాయనమ్మ కాబోతున్న మరియంతో కలిసి ఒక పక్కగా, ఎవరి కంటా పడకుండా నిలబడి ఉంటారు. అమెరికన్ కుటుంబం బిడ్డకు జిన్-హో అన్న కొరియా పేరునే ఉంచుతుంది. వలస కుటుంబం తమ బిడ్డకు సూజన్ అని పేరు మారుస్తుంది. పరాయితనాన్ని పండుగ చేసుకోగల ధీమా ఎవరిదో, దాన్ని దాచుకోవలసిన అవసరం ఎవరిదో ఈ రెండు పేర్లతోనే టైలర్ తేల్చి చెప్పింది. ఆమె భర్త, దివంగత తాఘీ మొదరెస్సీ, ఇరాన్‌లో పుట్టిన మానసిక వైద్యుడు, నవలాకారుడు. మరియం పాత్రలోని బిడియం, ఆత్మగౌరవం అంత సహజంగా కుదరడానికి ఆ సాన్నిహిత్యం కొంత కారణమై ఉండవచ్చు.

ఆ తర్వాత ఏటా ఆ రెండు కుటుంబాలు ‘రాక’ పండుగ జరుపుకుంటాయి. ఆనాటి వీడియో మళ్ళీ మళ్ళీ చూస్తాయి. నవల బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. కథకు కేంద్రం రాక. దానికి ముందు గడిచిన కాలం, అంటే దరఖాస్తు పెట్టిన రోజు నుంచి విమానం దిగిన రోజు వరకు ఆ ఇళ్ళలో జరిగిన జీవితం, ప్రధానంగా గతానికి చెందిన ముచ్చటగానే మిగిలిపోయింది.

ఇది టైలర్ ఒక్కరి లోపం కాదు. దత్తతను ఒక ముహూర్తంగా చూడటం మన సంప్రదాయంలోనూ ఉంది. హిందూ దత్తత చట్టం (1956) దత్తహోమం తప్పనిసరి కాదంది కాని, బిడ్డను ఇవ్వడం, పుచ్చుకోవడం వాస్తవంగా జరిగి తీరాలంది. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఒకే చోట ఎదురెదురుగా ఉంటారు. చాలాసార్లు ఒకే వంశంవారు కూడాను. ఆ ఒక్క క్షణంతో బిడ్డ గోత్రం మారుతుంది. అంతర్దేశీయ దత్తత ఈ క్షణాన్ని ఏళ్ళ తరబడి సాగదీసింది. ఇచ్చే చేతులను కనబడకుండా చేసింది. చట్టం రూపం మారినా కథ రూపం మారలేదు. పాత ముహూర్తం స్థానంలోకి విమానాశ్రయం వచ్చింది.

సాగిన ఆ కాలం ఎలా ఉంటుందో అమెరికాలోని తెలుగు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుంటే తెలుస్తుంది. హేగ్ ఒడంబడిక పద్ధతిలో బిడ్డను తెచ్చుకోవడానికి దంపతుల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి. అందుచేత మొదటి నిరీక్షణ గ్రీన్‌కార్డు కోసం, రెండోది పౌరసత్వం కోసం, మూడోది బిడ్డ కోసం. భారత దత్తత నిబంధనలు (2022) ప్రవాస భారతీయులకు స్వదేశంలోని వారితో సమానంగా ప్రాధాన్యం ఇస్తాయి. అయితే రెండేళ్ళలోపు బిడ్డను కోరే దంపతుల వయసుల మొత్తం 85 దాటకూడదు. రెండు దాటి నాలుగేళ్ళలోపు బిడ్డకైతే 90. మొదటి రెండు నిరీక్షణలు ముగిసేసరికి మూడోదానికి అర్హత కరిగిపోతూ ఉంటుంది. ఆపైన ఇంటి పరిశీలన, వేలిముద్రలు, పదిహేను నెలలకు గడువు తీరే అనుమతి, భారతదేశపు నిరభ్యంతర పత్రం, 2021 సవరణతో కోర్టుల నుంచి జిల్లా మేజిస్ట్రేట్‌కు మారిన దత్తత ఉత్తర్వు, పాస్‌పోర్టు, వీసా. ఇల్లు మారితే పరిశీలన నివేదికను మళ్ళీ సవరించాలి. కొత్త ఉద్యోగం, పెద్ద ఇల్లు వంటి మామూలు ఆశలు కూడా ఫైలు కదలిక చూసుకుని వాయిదా పడతాయి.

కడుపుతో ఉన్న స్త్రీకి తెలుగులో నెలలు ఉన్నాయి, శ్రీమంతం ఉంది, పుట్టింటి రాకపోకలు ఉన్నాయి. ‘ఎన్నో నెల?’ అన్న ప్రశ్నకు జవాబు ఉంది. దత్తతకు ఎదురుచూసే ఇంటికి ఇవేవీ లేవు. ఊయల కొనాలా, బిడ్డ వచ్చేసరికి మంచమే కొనవలసి వస్తుందా అన్నది తెలియదు. ఇండియా నుంచి ఫోన్ చేసే తల్లికి ఏ పండక్కి మనవరాలు వస్తుందో చెప్పలేరు. చివరికి బిడ్డ వివరాలు వచ్చినప్పుడు చేతికి అందేవి ఒక ఫొటో, ఒక వైద్య నివేదిక: బరువు, ఎత్తు, తల చుట్టుకొలత. ఆ అంకెలు అప్పటికే పాతవి. బిడ్డ పెరుగుదలను కళ్ళతో కాక గ్రాఫు మీద చుక్కలుగా చూసే తల్లిదండ్రులు వీరు. ఇంత నవలాద్రవ్యం ఉన్న కాలాన్ని నవల దాటవేయడం ఆశ్చర్యం.

శిల్పి సోమయ గౌడ 2010లో ప్రచురించిన ‘సీక్రెట్ డాటర్’ ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో పిల్లల వైద్యురాలు సోమర్, బొంబాయి నుంచి వచ్చిన నాడీ శస్త్రవైద్యుడు కృష్ణన్ అక్కడి అనాథాశ్రమం నుంచి ఆశను దత్తత తీసుకుంటారు. లాంఛనాల కోసం బొంబాయి వెళ్ళి అత్తవారింట గడిపే రోజుల్లో సోమర్ ఒంటరితనం నిజాయితీగా కనిపిస్తుంది. తల్లి కాబోతున్న ఊళ్ళోనే ఆమె పరాయిది. అంతకంటే ముఖ్యంగా, ఆడపిల్లను బతికించుకోవడానికే వదులుకున్న కన్నతల్లి కవితకు రచయిత్రి సగం నవల ఇచ్చింది. టైలర్ నవలలో లేని ఇచ్చే చేతులు ఇక్కడ కనిపిస్తాయి. అయితే రెండు జీవితాలనూ కలిపే వ్యవస్థ, అంటే ఆశ్రమం, అధికారులు, కాగితాలు, నేపథ్యంలోనే ఉండిపోయింది. ఆలస్యం సోమర్ సహనానికి పరీక్షగానే కనిపిస్తుంది; అది ఎవరిని కాపాడటానికి పెట్టినదో నవల అడగదు.

ఆ ప్రశ్నకు తెలుగు నేల మీదే ఒక జవాబు ఉంది. 1999లోను, 2001లోను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన దత్తత కుంభకోణాల్లో తెలంగాణ లంబాడా తండాల ఆడశిశువులు దళారుల ద్వారా కొద్దిపాటి డబ్బుకు చేతులు మారినట్టు వెల్లడైంది. విదేశీ దత్తతలు స్తంభించాయి. అప్పటికే బిడ్డ ఖరారైన విదేశీ కుటుంబాలు కొన్ని ఏళ్ళ తరబడి ఎదురుచూశాయి. భారతదేశం 2003లో హేగ్ ఒడంబడికను ఆమోదించింది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచనకు రెండు నెలల గడువు ఉంటుంది. అంటే సియాటిల్‌లోనో డాలస్‌లోనో ఖాళీ గది ముందు కూర్చున్న దంపతుల నిరీక్షణలో కొంతభాగం నిజానికి వారిది కాదు. అది ఏదో తండాలో మనసు మార్చుకునే హక్కున్న తల్లిది.

అయితే ఆలస్యాన్నంతా ఈ పేరుతో సమర్థించడం కుదరదు. బుఖారెస్ట్ అనాథాశ్రమాల పిల్లల మీద సాగిన పరిశోధన సుమారు రెండేళ్ళలోపు కుటుంబ సంరక్షణలోకి చేరిన పిల్లలే అనుబంధంలో, మేధలో ఎక్కువగా కోలుకున్నారని చూపింది. బల్ల మీద కదలకుండా పడి ఉన్న ఫైలు తల్లికి ఏ రక్షణా ఇవ్వదు. బిడ్డ నుంచి మాత్రం ఆ నెలలను తీసుకుంటుంది. తల్లికి చెందిన కాలం వేరు, గుమాస్తా అలసత్వం మింగిన కాలం వేరు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఎదురుచూసే ఇంట్లో ఏది ఏదో తెలియకపోవడమే అసలు బాధ.

ఈ తేడాను చట్టం సెక్షన్లలో రాసింది, వైద్యం కొలతల్లో రాసింది. దాన్ని ఒక ఇంటి దైనందిన జీవితంగా రాయగలిగేది నవలే. టైలర్ రాకను రాసింది, గౌడ విడిచిన చేతులను రాసింది. రెండింటి నడుమ సాగే కాలం ఇంకా రాయవలసే ఉంది. గ్రీన్‌కార్డు వరసలో నిలబడిన అనుభవమూ, తండాల కథ విన్న జ్ఞాపకమూ రెండూ ఉన్న ప్రవాస తెలుగు కథకులకు ఆ పని మిగతావారికంటే దగ్గరగా ఉంది.