స్తంభం వెనక కొలత

పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటన్ ప్రభువులు పల్లెల్లో కట్టుకున్న భవంతుల మాట ఎత్తగానే అందరికీ మనసులో మెదిలేది ముఖమండపమే. ఎత్తయిన మెట్లు, వరసగా నాలుగో ఆరో స్తంభాలు, వాటి నెత్తిన త్రికోణపు నుదురు. సినిమాల్లో కనిపించేదీ అదే, మన నగరాల శివార్లలో కొత్త విల్లాల ముందు సిమెంటుతో పోసి నిలబెడుతున్నదీ అదే. ఆ సంప్రదాయం మొత్తంలో అన్నిటికన్నా తేలిగ్గా ఎత్తుకుపోగలిగింది ఆ ముఖమండపం. అందుకే కాబోలు, అన్నిటికన్నా తక్కువ విలువైనదీ అదే అని నా అభిప్రాయం. దాని వెనక ఒక కొలతల పద్ధతి ఉంది. ఎన్నడూ ఒకరినొకరు చూడని మేస్త్రీలు కూడా కాగితం మీద అందిపుచ్చుకోగలిగిన పద్ధతి అది. ఈ భవనాలకు విలువ కట్టాల్సింది దాన్నిబట్టే.

ఈ పద్ధతి పుట్టిల్లు ఇటలీ. ఆంద్రియా పల్లాడియో 1570లో వెనిస్‌లో అచ్చువేయించిన నాలుగు భాగాల నిర్మాణ గ్రంథంలో రోమన్ శిథిలాల కొలతలూ, తాను విచెంజా చుట్టుపక్కల కట్టిన విల్లాల పటాలూ పక్కపక్కనే ఉంటాయి. ఇంగ్లీషు వాస్తుశిల్పి ఇనిగో జోన్స్ 1613-14లో ఆ పుస్తకం వెంటబెట్టుకుని ఇటలీ అంతా తిరిగి, అంచుల నిండా తన గమనికలు రాసుకున్నాడు. కానీ అతను నాటిన విత్తనం పల్లె భవంతుల్లో విరివిగా మొలకెత్తడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 1715లో కోలెన్ క్యాంప్‌బెల్ ‘విట్రువియస్ బ్రిటానికస్’ మొదటి సంపుటం వచ్చింది. పల్లాడియో గ్రంథానికి లియోని వేసిన ఇంగ్లీషు ప్రచురణ మొదలైందీ అప్పుడే. కాసిల్ హోవర్డ్, బ్లెనిమ్ వంటి భవంతుల్లో వాస్తుశిల్పి వాన్‌బ్రూ చూపించిన ఆర్భాటం మొహం మొత్తిన కొత్త తరానికి ఈ కొలతల పద్ధతి దొరికింది. వాళ్ళలో బర్లింగ్టన్ ప్రభువు డబ్బు పెట్టి ఊరుకోలేదు, తానే గీతలు గీశాడు. 1729 నాటికి చిజిక్‌లో తన విల్లా పూర్తిచేశాడు.

పద్ధతిలో మొదటి మెట్టు స్తంభం. దాని పాదం దగ్గర అడ్డుకొలతే మిగతా కొలతలన్నిటికీ తల్లి. మన శిల్పులు ముఖం పొడవును ‘తాళం’గా తీసుకుని విగ్రహం నిలువెత్తునూ దానితో లెక్కకట్టినట్టే ఇక్కడా. అడ్డుకొలతకు ఎనిమిదింతలు ఎత్తుంటే డోరిక్, తొమ్మిదింతలైతే అయోనిక్, పదింతలైతే కొరింథియన్ అని జేమ్స్ గిబ్స్ 1732లో వేసిన నియమాల పుస్తకంలో తేల్చాడు. అంతకు ముందు పుస్తకాల్లో ఈ లెక్కలు ‘నిమిషాలు’ అనే చిన్న భాగాలుగా, భిన్నాలుగా విడిపోయి వడ్రంగులను తిప్పలు పెట్టేవి. గిబ్స్ వాటిని సమభాగాలుగా విడగొట్టాడు. చేతిలో వృత్తలేఖిని ఉన్నవాడెవడైనా చేయగలిగే పని అయింది. అలాంటి పుస్తకాలు ఎన్నో వచ్చాయి. పెద్ద వాస్తుశిల్పి కాలుపెట్టని ఊళ్ళలో కూడా ఆ కాలపు మామూలు ఇళ్ళ తలుపులు, కిటికీలు కంటికి ఇంపుగా ఉండటానికి అవే కారణం.

రెండో మెట్టు గది. గది పొడవూ వెడల్పూ 1:1, 2:3, 3:4, 3:5, 1:2 వంటి నిష్పత్తుల్లో ఉండాలన్నాడు పల్లాడియో. చదును కప్పయితే ఎత్తు వెడల్పుతో సమానం. వంపు కప్పయితే పొడవు వెడల్పులకు నడుమనుండే సగటు తీసుకోవాలి: వెడల్పు 6, పొడవు 12 అయితే ఎత్తు 9, లేదా మరో రకం సగటు ప్రకారం 8. ఇంగ్లండ్‌లోని విల్టన్ భవంతిలో జోన్స్, అతని శిష్యుడు జాన్ వెబ్ తీర్చిన గది ఇందుకు పేరుమోసిన ఉదాహరణ: 60 అడుగుల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు, అంటే పక్కపక్కన పెట్టిన రెండు ఘనాలు. ఈ నిష్పత్తులే సంగీతంలోనూ ఉన్నాయి. తీగను 2:3లో పట్టుకుంటే షడ్జానికి పంచమం పలుకుతుంది, 3:4లో మధ్యమం, 1:2లో పై షడ్జం. చెవికి ఇంపైనది కంటికీ ఇంపేనని ఆనాటి సిద్ధాంతకర్తల నమ్మకం. 1734లో రాబర్ట్ మారిస్ తన ఉపన్యాసాల్లో గదులకు ఇలాంటి ఏడు నిష్పత్తులు చాలునని సూత్రీకరించాడు.

ఈ నమ్మకాన్ని గట్టిగా తిప్పికొట్టినవాడు ఎడ్మండ్ బర్క్, తరవాతి కాలంలో వారెన్ హేస్టింగ్స్‌ను బోనెక్కించిన ఆ బర్కే. అందానికి నిష్పత్తి కారణం కాదని 1757 నాటి తన గ్రంథంలో వాదించాడు. ఆ వాదనను తేలిగ్గా తీసేయలేం. గదిలోకి అడుగుపెట్టినవాడి కన్ను 2:3కీ 5:8కీ తేడా పసిగడుతుందా? చాలామంది కన్ను పసిగట్టదు. ఈ కొలతలను సృష్టి రహస్యంగా చెప్పుకున్నవాళ్ళు ఆ మేరకు ఓడిపోయినట్టే. అయితే అంతటితో పద్ధతి ఓడిపోలేదు. స్తంభం ఎత్తును బట్టి గోడ ఎత్తు, గోడ ఎత్తును బట్టి కిటికీ, కిటికీని బట్టి తలుపు, తలుపును బట్టి పొయ్యి చట్రం నిర్ణయమైనప్పుడు ఏదీ మరోదానితో పేచీ పడదు. కన్ను గుర్తుపట్టేది ఆ పొందికను, అంకెలను కాదు. పైగా అంతస్తుల తేడా బయటికే తెలిసిపోతుంది. అడుగున మొరటు రాతి పనితనంతో బరువైన నేల అంతస్తు. దాని మీద అసలు అంతస్తు, వెడల్పుకు దాదాపు రెట్టింపు ఎత్తున్న కిటికీలతో. ఆపైన చిన్న చదరపు కిటికీల అటక అంతస్తు. ఏ గదిలో విందు, ఏ గదిలో నౌకర్ల పడక అన్నది గోడే చెబుతుంది. ఆ క్రమంలో దొరతనపు అహంకారం ఉందంటే కాదనను.

నార్ఫోక్‌లోని హోకమ్ హాల్ చూస్తే ఇదంతా ఒకచోట కనిపిస్తుంది. యజమాని థామస్ కోక్ కుర్రతనంలో ఆరేళ్ళు యూరప్ తిరిగి పుస్తకాలూ శిల్పాలూ పోగుచేసుకొచ్చాడు. తరవాత సౌత్ సీ కంపెనీ కుప్పకూలినప్పుడు బాగా పోగొట్టుకున్నాడు. 1734లో పని మొదలైంది. విలియం కెంట్, బర్లింగ్టన్‌ల ఆలోచన, మాథ్యూ బ్రెటింగమ్ అమలు. 1759లో కోక్ పోయాడు, 1764లో ఆయన భార్య పూర్తిచేయించింది. బయటి గోడలు లేత పసుపు ఇటుకవి. అలంకారం దాదాపు లేదు. చప్పగా ఉందని విమర్శించినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం ఆ చప్పదనమే ఆ భవనపు ధైర్యం అనిపిస్తుంది, ఎందుకంటే కొలత తప్పితే దాచుకోవడానికి అక్కడ నగిషీ లేదు. నడుమ పెద్ద కట్టడం, నాలుగు మూలలా నాలుగు రెక్కలు: ఒకటి కుటుంబానికి, ఒకటి అతిథులకు, ఒకటి ప్రార్థనకు, ఒకటి వంటకు.

వాడుకకు పనికిరాని ఇళ్ళన్న ఆక్షేపణకు ఆ రెక్కల్లోనే కొంత జవాబుంది. కొంతే. కోక్ కుటుంబం రోజువారీగా బతికింది తమ రెక్కలోని చిన్న, వెచ్చని గదుల్లో. నడుమనున్న గదులు ఊరేగింపుకు. వంటిల్లు మాత్రం విందు గదికి చాలా దూరం. ఇటలీ ఎండకు పుట్టిన ముఖమండపం ఇంగ్లండ్ మబ్బుకింద ఏం చేస్తుందన్న ప్రశ్నకైతే జవాబు లేదు. డార్బీషైర్‌లోని కెడల్‌స్టన్ హాల్ మండపం ఉత్తరానికి చూస్తుంది. అక్కడ తప్పించుకోవాల్సిన ఎండే లేదు. గుడ్డిగా అనుకరించేవాళ్ళను అలెగ్జాండర్ పోప్ 1731లో, అదీ బర్లింగ్టన్‌కే రాసిన కవితా లేఖలో, ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి మన విల్లాల స్తంభాలకూ తగులుతుంది.

అయితే ఉత్త అనుకరణే అయివుంటే ఈ పద్ధతి వేరే నేలలో బతికేది కాదు. 1803లో పూర్తయిన కలకత్తా ప్రభుత్వ భవనానికి చార్లెస్ వయట్ నమూనాగా తీసుకున్నది కెడల్‌స్టన్‌నే. అక్కడ నాలుగు రెక్కలు తలపెట్టి రెండే కడితే, ఇక్కడ నాలుగూ కట్టారు. ఆ కెడల్‌స్టన్ వంశంలో పుట్టిన కర్జన్ తరవాత వైస్రాయిగా ఇందులోనే కాపురముండటం వేరే ముచ్చట. ఇంచుమించు అదే కాలంలో హైదరాబాద్ కోఠీలో బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కోసం శామ్యూల్ రస్సెల్ రెసిడెన్సీ కట్టాడు. ఇటుక, దానిపై సున్నపు గచ్చు. పాలరాయి లేకపోయినా ఆ ఆరు కొరింథియన్ స్తంభాలు తేలిపోలేదు. కొలత కుదిరింది గనక. మండపం కూడా ఇక్కడికొచ్చాకే తన అసలు పనిలో, నీడనివ్వడంలో, పడింది.

ఇక మిగిలింది డబ్బు ప్రశ్న. యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ హౌస్ వెనక కరీబియన్ చెరకు తోటలూ బానిసల వ్యాపారమూ ఉన్నాయి. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర ఉత్తర సర్కారులకు, అంటే మన కోస్తా జిల్లాలకు, ఫర్మానా రాయించుకున్న రాబర్ట్ క్లైవ్ స్వదేశం వెళ్ళి సర్రేలో క్లేర్‌మాంట్ భవంతి కట్టించాడు. చూపు ఆనకుండా పరచుకున్న పచ్చిక కోసం హౌటన్ భవంతి దగ్గరా కెడల్‌స్టన్ దగ్గరా ఊళ్ళకు ఊళ్ళే పక్కకు జరిపారు. కొలతలు నిర్దోషులు కావచ్చు, కట్టించినవాళ్ళు కారు. పద్ధతిని మెచ్చుకోవడానికి ఈ లెక్క మరచిపోనక్కర్లేదు, ఈ లెక్క చూసి పద్ధతిని పారేయనూ అక్కర్లేదు. ఇలాంటి ఎన్నో భవంతులను చూసుకునే నేషనల్ ట్రస్టు 2020లో తన నివేదికలో వలస పాలనతోనూ బానిసత్వంతోనూ సంబంధమున్న 93 స్థలాలను పేర్కొంది. అక్కడ దాని మీద పెద్ద దుమారమే రేగింది. నా లెక్కలో ఆ నివేదిక రావాల్సినదే, ఆలస్యంగా వచ్చినదే.