ఒత్తితే అదీ ఒత్తుతాది

మొన్న బళ్లారి కౌల్‌బజార్‌లో పెళ్లి ఊరేగింపు ముందు ఒక తెల్లగుర్రం కనబడింది. నుదుట అద్దాల పట్టీ, వీపున జరీ గుడ్డ. పగ్గం ఎంత బిగించారో, మెడ విల్లులా వంగి గడ్డం రొమ్ముకు తగులుతోంది. చూసినవాళ్లు ఏం ఠీవి అంటున్నారు. మా జట్కాతాత ఉంటే ముందు ఆ పగ్గం వదులు చేసి, తర్వాత తిట్టేవాడు.

నా చిన్నతనంలో స్టేషన్ ముందు జట్కాలు బారులు తీరేవి. రాత్రి బండి విప్పాక తాత ఎండుగడ్డిని చుట్టలా మెలిపెట్టి, చెమట ఆరేదాకా గుర్రాన్ని రుద్దేవాడు. అది అందరూ చేసేదే. ఆ తర్వాత చెవి వెనక, మెడ మొదలయ్యే చోట అరచెయ్యి ఆనించి ఊరకే నిలబడేవాడు. ఎంతసేపో! ఓరోజు విసుగొచ్చి నేనే రెండు బొటనవేళ్లతో పిసికాను. గుర్రం తల విదిలించి పక్కకు జరిగింది.

"ఏంటికి అట్ల ఒత్తుతావప్పా? నువ్వు ఒత్తితే అదీ ఒత్తుతాది. సుమ్మన పెట్టు చెయ్యి."

పెట్టాను. కాసేపటికి రెప్ప కొట్టింది. కింది పెదవి వేలాడింది. నాలుకతో మూతి నాక్కుని, పళ్లన్నీ బయటపెట్టి ఆవులించింది, వరసగా మూడుసార్లు. తర్వాత తల బరువంతా తెచ్చి నా భుజం మీద వేసింది. ఉలవల వాసన.

గుర్రానికి మనలా కాలర్ ఎముక ఉండదు. ముందుకాళ్లు మొండేన్ని కండరాలతోనే పట్టుకుని ఉంటాయి, ఒంటి బరువులో సగం కంటే ఎక్కువ మోసేవీ అవే. మెడా భుజమూ బిగుసుకుంటే అడుగు కురచవుతుంది. పైగా అది వేటాడే మృగాలకు భయపడి బతికిన జాతి, నొప్పిని దాచుకుంటుంది. ఈగ వాలితే ఆ మేరకు చర్మం జలదరించేంత సున్నితం, దాన్ని పట్టుకుని మనం చపాతీపిండిలా పిసుకుతాం.

అమెరికాలో జిమ్ మాస్టర్సన్ అనే ఆయన ఈ పనినే ఒక పద్ధతిగా నేర్పుతాడు. ఒత్తిడికి మెట్లు పెట్టాడు: చెయ్యి తగిలీ తగలనట్టు ఒకటి, గుడ్డు పచ్చసొన చెదరనంత ఇంకొకటి, ఆపైన ద్రాక్షపండు, మెత్తటి నిమ్మకాయ. గుర్రం బిగుసుకుంటే మెట్టు దిగాలి, ఎక్కకూడదు. తాతకున్న కొలత ఒక్కటే, రెప్ప కొట్టిందా లేదా. అయితే చెయ్యి పెడితే అన్నీ నయమవుతాయని తాతెప్పుడూ అనలేదు. డెక్కలో మేకు దిగినా, జీను ఒరుసుకున్నా వీపు బిగుస్తుంది; అందుకే ముందు కాలెత్తి నాడా చూసేవాడు.

హంపీ 2021లో విజయనగర జిల్లాకు పోయింది గానీ నా లెక్కలో ఇంకా మా బళ్లారిదే. అక్కడి హజారరామ గుడి ప్రహరీ మీద గుర్రాల బారు చూసినప్పుడల్లా నా కళ్లు పక్కన నడిచే మనుషుల మీదికే పోతాయి. విజయనగర రాజు ఏడాదికి 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు. హర్ముజ్ నుంచి ఓడలో కాళ్లు కదిపే చోటు లేక నిలబడి వచ్చినవాటి వీపులు ఎవరో ఒకరు సడలించే ఉండాలి కదా. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్ అయితే, కృష్ణదేవరాయలు వేకువనే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా పట్టించి, అది చెమటగా పోయేదాకా కసరత్తు చేసి, కుస్తీ పట్టి, ఆనక గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో తిప్పేవాడని రాశాడు. రాజుగారి నూనె సంగతి మనదాకా వచ్చింది. ఆ గుర్రం ఒళ్లు పట్టినవాడి పేరు రాలేదు.

ఊరేగింపు మలుపులో ఆగింది. కళ్లెం పట్టుకున్న పిల్లవాడితో "కొంచెం వదులు చెయ్యప్పా" అన్నాను.

"ఫోటోలో బాగుండదు సార్" అన్నాడు గానీ ఒక రంధ్రం సడలించాడు. చెవి వెనక చెయ్యి పెట్టాను. చెక్క. అలాగే ఉంచాను. చాలాసేపటికి ఒక్కసారి రెప్ప కొట్టింది. అంతలో బ్యాండు అందుకుంది. అరచేతి కింద మెడ మళ్లీ బిగుసుకుంది. పిల్లవాడు పగ్గం లాగాడు.